మీ గురించి చెప్పండి

అక్క హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంది. కొత్తవాళ్లను ఎంపిక చేసే ప్యానెళ్లలో ఏళ్లుగా కూర్చుంటోంది. తమ్ముడు పశ్చిమ గోదావరిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ట్రైనింగ్ అండ్ ప్లేస్‌మెంట్ సెల్ చూస్తాడు. ఫైనలియర్ పిల్లల కోసం అతను ఇంటర్వ్యూ ప్రశ్నలు, వాటికి జవాబులు రాసి చిన్న పుస్తకంగా కుట్టించాడు. అక్క దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివి పక్కన పెట్టింది.

అక్క: ఈ పుస్తకం పిల్లలకు పంచకు.

తమ్ముడు: ఇంకా పంచలేదు. ఎక్కడ తప్పుందో చెప్పు, దిద్దుతాను.

అక్క: తప్పులేం లేవు. ఇంగ్లీషు కూడా శుభ్రంగా ఉంది. నా దిగులల్లా అదే. మొదటి పేజీలో ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’కి నువ్వు రాసిన జవాబు నాకు ఏళ్లుగా తెలుసు. పేరు, ఊరు, నాన్న వ్యవసాయం, అమ్మ ఇంటిపని, పదిలో ఎంత, ఇంటర్‌లో ఎంత, బీటెక్‌లో ఎంత. ఆ తర్వాత మూడు బలాలు: హార్డ్ వర్కర్, క్విక్ లెర్నర్, టీమ్ ప్లేయర్. చివర్లో హాబీలు: పాటలు వినడం, క్రికెట్ ఆడడం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఇదే చెబుతారు. మార్కులు నా ముందున్న రెజ్యూమెలోనే ఉంటాయి. మిగతాదాంట్లో ఈ పిల్లాణ్ని పక్క పిల్లాడి నుంచి వేరుచేసే మాట ఒక్కటీ ఉండదు. సాయంత్రం కాగితాలు ముందేసుకుని ఎవరికెంత వేశామో చూసుకునేటప్పుడు కొందరి ముఖాలు కూడా గుర్తుకు రావు. అది పిల్లల తప్పు కాదు, నేర్పినవాళ్లది.

తమ్ముడు: నేర్పినవాడిగా నేను చెప్పేది కూడా విను. మా దగ్గర చేరే పిల్లల్లో చాలామంది వాళ్ల ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్నవాళ్లు. ఫీజు రీయింబర్స్‌మెంటు లేకపోతే కాలేజీ గడప తొక్కేవాళ్లు కాదు. పదో తరగతి దాకా ఊళ్లో బడి. ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లో ఈఏపీసెట్ కోసం పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా తలెత్తకుండా లెక్కలు చేశారు. ముక్కూ మొహం తెలియని ఒక పెద్దమనిషి ఎదురుగా కూర్చుని ‘మీ గురించి చెప్పండి’ అని అడగడం వాళ్ల జీవితంలో అదే మొదటిసారి. అదీ ఇంగ్లీషులో. చేతిలో ఏమీ పెట్టకుండా ఆ గదిలోకి ఎలా పంపను?

అక్క: ఏదో ఒకటి పెట్టు. కానీ ఇది కాదు.

తమ్ముడు: నువ్వు మెచ్చుకునే జవాబులు చెప్పేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారో ఎప్పుడైనా చూశావా? నాన్న ఏ బ్యాంకులోనో మేనేజరు, అమ్మ లెక్చరరు. ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ ‘ఏం చదువుతున్నావు, ఏమవుతావు’ అని అడుగుతాడు, వీడు చెబుతాడు, వాళ్లు ఇంకోటి అడుగుతారు. వాడూ జవాబులు తయారుచేసుకున్నవాడే. కాకపోతే పద్దెనిమిదేళ్లు ఇంట్లో కూర్చుని తయారుచేసుకున్నాడు కాబట్టి ఎవరి కంటా పడలేదు. మా వాడికి ఆ పద్దెనిమిదేళ్లు లేవు. ఆరు వారాలు ఉన్నాయి. ఆరు వారాల్లో చేసిన పని కాబట్టి అతుకులు కనిపిస్తాయి. కనిపించినంత మాత్రాన అది దొంగతనమా?

అక్క: దొంగతనం అనలేదు. పిల్లాణ్ని అది కాపాడడం లేదంటున్నాను. మొదటి ప్రశ్న నేనెందుకు అడుగుతానో తెలుసా? ఆ జవాబు మీద మార్కులు వేయడానికి కాదు, రెండో ప్రశ్న వెతుక్కోవడానికి. ‘మా ఊళ్లో లైబ్రరీ మళ్లీ తెరిపించడానికి తిరిగాను’ అని ఎవరైనా అన్నారనుకో, ‘ఎవరి చుట్టూ తిరిగావు, ఎవరు కాదన్నారు’ అని అడుగుతాను. అక్కడి నుంచి అది మామూలు మాటల్లో పడుతుంది, భయం తగ్గుతుంది. నీ పుస్తకంలోని జవాబులో నాకు పట్టుకోవడానికి ఏమీ దొరకదు. దొరకనప్పుడు నేనేం చేస్తాను? ‘సరే, ప్రాజెక్టు వివరించండి’ అంటాను. పిల్లలు కూలిపోయేది అక్కడే.

తమ్ముడు: ప్రాజెక్టుల సంగతి నాకు చెప్పకు.

అక్క: ఎవరో ఒకరు చెప్పాలి కదా. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల బోర్డులు చూడు, కోర్సుల పేర్ల పక్కనే ‘ఫైనలియర్ ప్రాజెక్టులు చేసి ఇవ్వబడును’ అని ఉంటుంది. డబ్బు కట్టినవాళ్లకు కోడు, రిపోర్టు, స్లైడ్లు, వైవాకు ప్రశ్నలూ జవాబులూ అన్నీ కలిపి ఇస్తారు. ముఖం చూసి హాజరు వేసే ప్రాజెక్టు ఎన్ని కాలేజీల నుంచి వచ్చిందో లెక్కే లేదు. ‘వెలుతురు తక్కువుంటే ఎలా గుర్తుపట్టింది? ఎన్ని ఫొటోలతో నేర్పించారు? కవల పిల్లలొస్తే ఏమైంది?’ అని అడిగితే మౌనం. పిల్లాడికి తెలివి లేక కాదు. ఆ పని అతను చేయలేదు, అంతే.

తమ్ముడు: కొనుక్కోవద్దని ఏటా చెబుతూనే ఉన్నాను. గైడు ఏడాదికి రెండుసార్లు కనబడతాడు, ల్యాబులు ఐదింటికే మూస్తారు. పిల్లలు ఇంకేం చేస్తారు?

అక్క: పోయినేడు మీ కాలేజీ కుర్రాడొకడు మా దగ్గరికి వచ్చాడు. పాలకొల్లు దగ్గర ఊరట. నీ పేజీ మొత్తం అప్పజెప్పాడు. ప్రాజెక్టు దగ్గర ఆగిపోయాడు. టెక్నికల్ చూసే ఆయన అప్పటికే కాగితం మీద అంకె వేసేశాడు. పంపించేసే ముందు ఊరికే, పిల్లాడు మరీ చిన్నబోయాడని, ‘సెలవులకు ఇంటికెళ్తే ఏం చేస్తావు’ అని అడిగాను. వాళ్ల నాన్న రొయ్యల చెరువులు లీజుకు చేస్తాడట. రాత్రి కాపలా ఇతనిది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, అప్పుడు ఏరేటర్లు ఆగకూడదు, కరెంటు పోతే వెంటనే జనరేటర్ వేయాలి అన్నాడు. మబ్బు పట్టిన రోజు రాత్రి ఆక్సిజన్ ఇంకా ముందే తగ్గుతోందని నోటుబుక్కులో గంటలు రాసుకుని కనిపెట్టాడు. ఇంట్లో మూలపడ్డ పాత ఫోను చార్జింగులో పెట్టి, కరెంటు పోగానే నాన్న ఫోనుకు మెసేజి వెళ్లేట్టు ఏర్పాటు చేశాడు. చెరువు గట్టున సిగ్నలు సరిగ్గా ఉండదు కాబట్టి మెసేజి అందకపోతే మళ్లీ మళ్లీ పంపేట్టు రాశాడు. మేం ఇంజనీర్ల దగ్గర వెతికేది సరిగ్గా ఆ ఆలోచనే. ఇదంతా చెప్పేటప్పుడు అతని ఇంగ్లీషులో వ్యాకరణం లేదు కానీ తడబాటు కూడా లేదు.

తమ్ముడు: తీసుకున్నారా?

అక్క: లేదు.

తమ్ముడు: ఎందుకని? అంత బాగుంటే?

అక్క: టెక్నికల్ మార్కు అప్పటికే పడిపోయింది. అది దాటించే అధికారం నా ఒక్కదానికి లేదు.

తమ్ముడు: అయితే ఇప్పుడు తప్పెవరిది? వాడి దగ్గర సరుకుంది. మీరు అడిగింది మొదట మార్కుల ప్రాజెక్టు, ఆఖర్న, అదీ జాలితో, వాడి జీవితం. మొదట అడగాల్సింది చివర అడిగారు. తయారుగా లేనిది వాడేనా, మీ ప్యానెల్ కూడానా?

అక్క: మేము కూడా. కాదనను. కానీ నాలుగేళ్లు మీ ప్రాంగణంలో ఉన్నాడు. చెరువు సంగతి మీలో ఒక్కరైనా అడిగారా? పాత ఫోను ఏర్పాటునే కాస్త పెంచితే ఫైనలియర్ ప్రాజెక్టు అయ్యేది. కొనాల్సిన పని ఉండేది కాదు.

తమ్ముడు: ఒక్కో బ్యాచ్‌లో వందల మంది. మా సెల్‌లో ఉన్నది ఇద్దరం. ఒక్కొక్కణ్ని కూర్చోబెట్టి ‘మీ నాన్న ఏం చేస్తాడు, నువ్వు దానికేం సాయపడతావు’ అని అడిగే తీరిక ఎక్కడుంది? అందుకే పుస్తకం.

అక్క: అడగాల్సింది నువ్వే కానక్కర్లేదు. పిల్లలు ఒకరినొకరు అడుగుతారు. జతలు కట్టు. ఒకడు చెబితే రెండోవాడు వినాలి, విన్నదాంట్లో అర్థం కానిచోటల్లా ఆపి అడగాలి. సొంత కథలో విలువైనదేదో మనకు తెలియదు, పక్కవాడు ‘అవునా, అదెలా చేశావు’ అన్నప్పుడు తెలుస్తుంది. రొయ్యల చెరువు గురించి రెజ్యూమెలో ఎందుకు రాయలేదని ఆ కుర్రాణ్ని అడిగాను. ‘అది ఇంటిపని కదండీ’ అన్నాడు. మన పిల్లలు ఇంటిపనిని పనిగా లెక్కవేయరు. అమ్మ డ్వాక్రా గ్రూపు పుస్తకాలు ఏళ్ల తరబడి రాసిన అమ్మాయి ఉంటుంది. నెలనెలా పొదుపు ఎంత, ఎవరికెంత అప్పిచ్చారు, బ్యాంకు వాయిదా ఎంత, ఎవరు ఎగ్గొట్టారు, అన్నీ ఆమె చేతిరాతలోనే ఉంటాయి. లెక్క తేడా వచ్చినప్పుడు పదిమంది ఆడవాళ్లు గుమ్మంలో నిలబడి అరుస్తుంటే పద్దు తిప్పి తప్పు ఎక్కడుందో చూపించి ఉంటుంది. ‘టీమ్‌లో గొడవ వస్తే ఏం చేస్తారు’ అన్న ప్రశ్నకు అంతకంటే ఏం కావాలి? ఆమె మాత్రం వచ్చి ‘ఐ విల్ అడ్జస్ట్ విత్ ఎవ్రీబడీ సర్’ అంటుంది.

తమ్ముడు: ఎందుకంటే గొప్పలు చెప్పుకోకూడదని మనమే పెంచాం. అసలు చిక్కు అక్కడుంది అక్కా. ‘నేను చేశాను’ అనడానికి మా పిల్లలకు నోరు రాదు. ‘వి హ్యావ్ డన్’ అంటారు. పెద్దవాళ్ల ముందు ‘నేను’ అంటే పొగరు అనుకుంటారు.

అక్క: నిజం. ‘మేము’ అన్న ప్రతిసారీ నేను ‘అందులో మీరేం చేశారు’ అని అడుగుతాను. అప్పుడు కంగారుపడతారు, నేను నమ్మలేదనుకుని. దానికి మందు గొప్పలు నేర్పడం కాదు. క్రియను సరిగ్గా చెప్పడం నేర్పు. ‘నేను మంచి నాయకుణ్ని’ అంటే గొప్ప. ‘ఫెస్టులో భోజనాల లెక్క నేను చూశాను, రెండు వందల ప్లేట్లు తక్కువయ్యాయి, పక్కూరి మెస్సు నుంచి తెప్పించాను’ అంటే అది సమాచారం. సమాచారం చెప్పడానికి ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు.

తమ్ముడు: స్టార్ పద్ధతి అంటారే, సందర్భం, బాధ్యత, చేసిన పని, ఫలితం. అదీ నా పుస్తకంలో ఉంది, పన్నెండో పేజీ.

అక్క: ఉంది. కానీ దాని కింద ఒక నమూనా కథ కూడా రాశావు. కాలేజీ ఫెస్టులో మైకు పాడైతే బాగుచేయించిన కథ. ఈ ఏడాది నా దగ్గరికి ఎన్ని మైకులు పాడై వస్తాయో చూడు. ఆ నాలుగు మెట్లు ఉంచు, కథ తీసెయ్. ఇంకో మాట. పిల్లలు సందర్భం చెప్పడానికే సగం సమయం ఖర్చుపెడతారు. చేసిన పని దగ్గరికొచ్చేసరికి ఒక్క వాక్యం. బరువంతా మూడో మెట్టు మీద పడాలి. ఫలితం బాగోలేకపోయినా పర్వాలేదు. ‘చివరికి కుదరలేదు, కారణం ఇదనుకుంటున్నాను’ అని చెప్పిన పిల్లాడు నాకు నచ్చుతాడు.

తమ్ముడు: నీకు నచ్చుతాడు. నీ పక్క కుర్చీలో ఆయనకు నచ్చకపోతే? అసలు ఇంటర్వ్యూ అన్న పద్ధతి మీదే నాకు నమ్మకం లేదు. 1921లో ఎడిసన్ తన దగ్గర ఉద్యోగానికొచ్చిన పట్టభద్రులకు నూట నలభైకి పైగా ప్రశ్నలు పెట్టేవాడు, ఫలానా దేశం సరిహద్దులేవి వంటివి. అవి పేపర్లకెక్కాయి. ధ్వని వేగం ఎంతని ఐన్‌స్టైన్‌ను విలేకరులు అడిగితే, పుస్తకాల్లో దొరికేది నేను బుర్రలో మోయను అన్నాడు. గూగుల్ ఏళ్ల తరబడి విమానంలో ఎన్ని గోల్ఫు బంతులు పడతాయి వంటి చిక్కు ప్రశ్నలు అడిగి, చివరికి వాటివల్ల ఏమీ తెలియదని వాళ్ల మానవ వనరుల అధిపతి లాజ్లో బాక్ 2013లో బహిరంగంగా ఒప్పుకున్నాడు. అడిగేవాళ్లకే ఏం అడగాలో తెలియనప్పుడు, మా పిల్లలు కవచం తొడుక్కుని వస్తే తప్పా?

అక్క: ఆ ఉదాహరణలు నా వైపే మాట్లాడుతున్నాయి. చిక్కు ప్రశ్నలు పనికిరావని తేలింది, ఇంటర్వ్యూలన్నీ పనికిరావని తేలలేదు. 1998లో ష్మిట్, హంటర్ అనే ఇద్దరు ఉద్యోగుల ఎంపిక మీద ఎనభై అయిదేళ్ల పరిశోధనలు కలిపి చూశారు. అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే వరుస, ముందే రాసిపెట్టుకున్న మార్కుల కొలత ఉన్న ఇంటర్వ్యూ, తోచినట్టు మాట్లాడే ఇంటర్వ్యూ కంటే ఉద్యోగంలో పనితీరును మెరుగ్గా ఊహించింది. 2022లో సాకెట్, మరికొందరు ఆ లెక్కలు తిరగదోడారు. అంకెలు కొంత తగ్గాయి కానీ తేడా ఇంకా పెరిగింది. పనితీరుతో సంబంధం చూపే అంకె పద్ధతి ఉన్న ఇంటర్వ్యూకు 0.42, పద్ధతి లేనిదానికి 0.19. వాళ్లు చూసిన కొలతలన్నిట్లో పద్ధతి ఉన్న ఇంటర్వ్యూనే పైన నిలిచింది.

తమ్ముడు: మీ ప్యానెల్‌లో అందరికీ ఒకే ప్రశ్నలు వేస్తారా?

అక్క: టెక్నికల్‌లో చాలావరకు వేస్తాం. హెచ్ఆర్ రౌండులో, లేదు.

తమ్ముడు: అంటే నా పిల్లలు ఎదుర్కొనేది నువ్వు చెప్పే 0.42 కాదు, 0.19. ప్రభుత్వానికే ఈ సంగతి అర్థమైంది. కేంద్రం 2016 జనవరి 1 నుంచి గ్రూప్-సి, గ్రూప్-డి పోస్టులకు, గ్రూప్-బిలో గెజిటెడ్ కానివాటికి ఇంటర్వ్యూ తీసేసింది. సిఫారసులకు, పైరవీలకు ఆ గదే తలుపు అని. 2022లో తెలంగాణ 503 పోస్టులకు గ్రూప్-1 నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు అందులోనూ ఇంటర్వ్యూ లేదు.

అక్క: సివిల్స్‌లో ఉంచారు కదా. మొత్తం 2025 మార్కుల్లో 275 దానివే.

తమ్ముడు: అక్కడ కూర్చునేవాళ్లకు అరగంట టైముంటుంది. మీ హెచ్ఆర్ రౌండు ఎంతసేపు?

అక్క: క్యాంపస్‌లో అయితే పది నిమిషాలు. ఒక్కోసారి అదీ ఉండదు.

తమ్ముడు: పది నిమిషాల్లో మొదటి రెండు నిమిషాలు మా పిల్లలకు గుండె దడ తగ్గడానికే పోతాయి. బట్టీ పట్టిన వాక్యం ఆ రెండు నిమిషాల్లో నోటికి ఆసరా. గొంతు కుదురుకునేదాకా దేన్నో ఒకదాన్ని పట్టుకోవాలి కదా. నువ్వు అది కూడా లాగేస్తానంటున్నావు.

అక్క: సరే, అక్కడ నీ మాట ఒప్పుకుంటాను. మొదటి రెండు వాక్యాలు నోటికి వచ్చేలా ఉండనీ. కానీ అవి పిల్లాడి సొంత వాక్యాలై ఉండాలి, మూడో వాక్యం మాత్రం నోటికి రాకూడదు. ‘నేను ఫలానా, పాలకొల్లు దగ్గర రొయ్యల రైతుల ఊరు మాది. చెరువుల దగ్గర కరెంటు సమస్య నుంచే నాకు ప్రోగ్రామింగ్ మీద ఇష్టం పుట్టింది.’ ఇంతే. దీన్ని అద్దం ముందు వందసార్లు చెప్పుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఆ తర్వాత నేను అడుగుతాను కదా.

తమ్ముడు: అలా అయితే బలహీనత ప్రశ్న సంగతి తేల్చు. ‘వాట్ ఈజ్ యువర్ వీక్‌నెస్?’ దీనికి నిజం చెప్పమంటావా? ‘నేను పర్ఫెక్షనిస్టుని’ అని రాశానని నీకు కోపం వచ్చి ఉంటుంది.

అక్క: కోపం కాదు, విసుగు. పర్ఫెక్షనిస్టుని, ఎక్కువ కష్టపడతాను, కాదని చెప్పలేను. ఈ మూడూ బలాలకే బలహీనతల వేషం. వినగానే ఈ పిల్లాడు ఇక్కడ నిజం చెప్పదలచుకోలేదని అర్థమవుతుంది. ఆ తర్వాత చెప్పిన నిజాల మీద కూడా అనుమానం వస్తుంది.

తమ్ముడు: నిజం చెబితే ఉద్యోగం ఇస్తారా? ఉద్యోగం అవసరమున్నవాడు, అదీ ఇంటి మీద అప్పు ఉన్నవాడు, తన లోపాలు మీ ముందు పరచాలి. మీరు మాత్రం మీ కంపెనీ లోపాలు ఒక్కటీ చెప్పరు. ఇది సమానమైన ప్రశ్నేనా?

అక్క: సమానం కాదు. అయినా అడుగుతున్నారు కాబట్టి సిద్ధపడాల్సిందే. నేనైతే ఇలా చెబుతాను. పనికి సంబంధించిన లోపం ఒకటి ఎంచుకోవాలి, స్వభావం మీద తీర్పు వద్దు. దాన్ని సరిచేసుకోవడానికి ఏం చేస్తున్నారో చూపగలగాలి. ఒకమ్మాయి ఇలా చెప్పింది: ‘తెలియనిది అడగడానికి నాకు బెరుకు. ల్యాబులో ఒకే ఎర్రర్‌తో మధ్యాహ్నమంతా కూర్చునేదాన్ని. ఇప్పుడు అరగంట చూస్తాను. కాకపోతే అప్పటిదాకా ఏమేం ప్రయత్నించానో కాగితం మీద రాసుకుని వెళ్లి అడుగుతాను.’ ఆ కాగితం మాట వినగానే, ఈ అమ్మాయిని నా టీమ్‌లోకి ఇవ్వండి అన్నాను.

తమ్ముడు: ఇంకో ప్యానెల్‌లో అదే మాటకు ‘ఆత్మవిశ్వాసం తక్కువ’ అని రాస్తారు. రాసినవాళ్లను నేను చూశాను.

అక్క: రాసేవాళ్లు ఉన్నారు. ఆ భయంతో అబద్ధం నేర్పితే మాత్రం, రాయనివాళ్ల దగ్గర కూడా నష్టపోతారు. ఈ ప్రశ్న నేను అడగడం మానేశాను. మా కొత్త ప్యానెలిస్టులకు కూడా మానేయమనే చెబుతున్నాను. దానివల్ల తెలిసేది అభ్యర్థి ఎవరి దగ్గర కోచింగ్ తీసుకున్నాడన్నదే.

తమ్ముడు: ఈ ఒక్క ముక్క నా పుస్తకంలో వేసుకుంటాను. అయిదేళ్ల తర్వాత ఎక్కడుంటావు, మిమ్మల్నే ఎందుకు తీసుకోవాలి, మా కంపెనీయే ఎందుకు, వీటి సంగతి?

అక్క: అయిదేళ్ల ప్రశ్నకు ఫ్రెషర్ నుంచి ఎవరూ గొప్ప జవాబు ఆశించరు. ఏం నేర్చుకోవాలనుందో చెప్పి ఊరుకోవచ్చు. కంపెనీ గురించి మాత్రం వెబ్‌సైటు మొదటి పేజీ అప్పజెప్పవద్దు. అక్కడ పనిచేస్తున్న సీనియర్‌తో ఒక్కసారి ఫోనులో మాట్లాడితే చాలు, మిగతా అందరి కంటే ఎక్కువ తెలుస్తుంది. బ్యాక్‌లాగులు, ఏడాది గ్యాపు అడిగితే రెండు వాక్యాల్లో నిజం చెప్పి ఆగిపోవాలి. సంజాయిషీ పెరిగేకొద్దీ అనుమానం పెరుగుతుంది. లేని అనుభవం ఉన్నట్టు రాయించే కన్సల్టెన్సీల జోలికి మాత్రం పిల్లల్ని వెళ్లనివ్వకు. పీఎఫ్ ఖాతాలో ఏ కంపెనీలో ఎప్పటి నుంచి ఎప్పటిదాకా ఉన్నారో కనిపిస్తుంది. వెరిఫికేషన్‌లో దొరికిపోతే చేరాక కూడా తీసేస్తారు. నా కళ్ల ముందు అలా వెళ్లిపోయిన పిల్లలున్నారు, ఆ తల్లిదండ్రుల ఫోన్లు కూడా నేను విన్నాను.

తమ్ముడు: ఆడపిల్లల్ని అడిగేవి? ‘పెళ్లి ఎప్పుడు చేసుకుంటారు, పెళ్లయ్యాక పనిచేస్తారా, మీవాళ్లు హైదరాబాదు పంపుతారా?’ ఇవి నా పుస్తకంలో లేవు. ఏం రాయాలో తోచక వదిలేశాను.

అక్క: అవి అడగకూడని ప్రశ్నలు. 1976లోనే సమాన వేతన చట్టం నియామకాల్లో ఆడా మగా వివక్ష కూడదంది. మా దగ్గర ఎవరైనా అడిగితే నేను అక్కడే ఆపుతాను. కానీ నేను లేని గదులు చాలా ఉన్నాయి. అందుకని ఈ ఒక్కదానికి మాత్రం అమ్మాయిలు వాక్యం సిద్ధం చేసుకుని వెళ్లాలి. ‘ఈ ఉద్యోగానికి ఏ ఊరైనా, ఏ షిఫ్టయినా నేను రాగలను, దాని గురించి ఏం కావాలన్నా అడగండి.’ గొంతు పెంచకుండా ఇంతే చెప్పి, ఎదుటివాళ్ల ముఖం చూస్తూ ఆగాలి. ఇది బట్టీ పట్టించు. అవమానం జరిగే క్షణంలో మాటలు వెతుక్కోవడం ఎవరికైనా కష్టమే.

తమ్ముడు: చూశావా, ఆపద ఉన్నచోట నువ్వూ బట్టీనే ఇస్తున్నావు. మా పిల్లల్లో చాలామందికి ఆ గది మొత్తం ఆపదే. నేను చెబుతున్నది మొదటి నుంచీ అదే.

అక్క: ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అయినా నా పట్టు వదలను. ఆపదనిపించడం తగ్గాలంటే సొంత మాటే మాట్లాడాలి. అందుకు ముందు తెలుగులో మాట్లాడించు. ప్రతి పిల్లాడూ తన జీవితంలో తాను స్వయంగా చేసిన పనులు, తాను తీర్చిన చిక్కులు, కుదరనివి కూడా, తెలుగులో రాసుకోవాలి. జతగాడు ప్రశ్నలు వేయాలి. కథ గట్టిపడ్డాక ఇంగ్లీషులోకి తెచ్చుకోవాలి. చిన్న వాక్యాలు చాలు. ఇదంతా ఫైనలియర్లో ఆరు వారాల్లో జరగదు, సెకండియర్లో మొదలుపెట్టు. అప్పుడు ప్రాజెక్టు కూడా ఆ కథల్లోంచే దొరుకుతుంది.

తమ్ముడు: సెకండియర్ టైంటేబుల్లో వారానికి ఒక గంట ఇప్పించుకోవాలి. ప్రిన్సిపాల్‌తో గొడవపడతాను. పుస్తకంలో జవాబులు తీసేసి ప్రశ్నలు ఉంచుతాను, కింద ఖాళీ వదులుతాను. మీ వైపు నుంచి అభ్యర్థి అడగాల్సిన ప్రశ్నలు కూడా రాసివ్వు. ‘మీరేమైనా అడుగుతారా’ అంటే మా వాళ్లంతా ‘నో సర్, థాంక్యూ సర్’ అంటారు.

అక్క: ట్రైనింగ్ ఎన్ని వారాలు, దాని చివర పరీక్ష తప్పితే ఏమవుతుంది, బాండు ఉందా, ఎంత, ఎన్నాళ్లు, ఎప్పుడు చేర్చుకుంటారు. చివరిది తప్పకుండా అడగమను. 2022లో ఆఫర్ లెటర్లు తీసుకున్న చాలామంది చేరే తేదీ కోసం నెలల తరబడి ఎదురుచూశారు, కొందరు ఏడాది దాటినా చూశారు. వేరే అవకాశాలు వదులుకుని ఇంట్లో కూర్చున్నారు. అడగడం మర్యాదకు భంగం కాదని పిల్లలకు చెప్పు.

తమ్ముడు: సరే, నా పని నేను చేస్తాను. ఇప్పుడు నీ పని. మీ ప్యానెల్ మార్కుల కాగితంలో ‘కమ్యూనికేషన్’ అని గడి ఉంటుంది కదా. దాని కింద మీరు నిజంగా వేసేది దేనికి? చెప్పిన విషయం అర్థమైందా అన్నదానికా, ఇంగ్లీషు యాసకా?

అక్క: రెండూ కలిసిపోతున్నాయి. ఎవరు వేస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది.

తమ్ముడు: ఆ గడిని రెండు చెయ్యి. విషయం స్పష్టంగా చెప్పాడా అన్నది ఒకటి, ఇంగ్లీషు ఒకటి. ఆ ఉద్యోగానికి ఇంగ్లీషు ఎంత కావాలో అంతే బరువు పెట్టండి. మొదటి ప్రశ్నగా ‘మీరు స్వయంగా తీర్చిన చిక్కు ఒకటి చెప్పండి’ అని అందరినీ అడగండి, అదీ ప్రాజెక్టు మార్కు వేయకముందే. ప్రశ్న వేశాక కొన్ని క్షణాలు ఆగండి, వాడు తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులోకి రావాలి.

అక్క: మొదటి ప్రశ్న మార్చడం నా చేతిలో ఉంది, ఈ సీజన్ నుంచే మారుస్తాను. గడి మార్చడానికి పైవాళ్లు ఒప్పుకోవాలి. ఇంగ్లీషు మార్కు తగ్గించడం క్లయింట్లకు నచ్చదంటారు, వాదించాల్సి ఉంటుంది.

తమ్ముడు: వాదించు. ఆ పాలకొల్లు కుర్రాడు ఇప్పుడు చెరువుల దగ్గరే ఉన్నాడు, నంబరు నా దగ్గరుంది. వచ్చే నెల మీ ఆఫ్‌క్యాంపస్ డ్రైవ్‌కు మళ్లీ అప్లయి చేయమంటాను. ఈసారి రెజ్యూమెలో మొదటి వరుసలో ఏం రాయాలో వాడితో నేను కూర్చుని మాట్లాడతాను.

అక్క: కూర్చో. కానీ రాసేది వాణ్ణే రాయనివ్వు.